చింతపండు గొప్పదా, నిమ్మకాయ గొప్పదా?

ఆ ఆదివారం మా ఇంట చేపల పులుసు. నెల్లూరు సీమలో ఈ మాట అన్నాక ఇక వివరించవలసిన పని లేదు. సూళ్లూరుపేటలో కాపురముంటూ, పక్కనే పులికాటు సరస్సునూ, దాని ఆవల సముద్రాన్నీ పెట్టుకుని, పులుసు కాగని ఆదివారం ఆదివారమే కాదని మా అమ్మ సిద్ధాంతం. పెరట్లో చేపలు కడుగుతూ మా ఆవిడ, "నీచు పోవాలంటే రెండు నిమ్మచెక్కలు పిండి రుద్దాలి" అన్నది. వాకిట్లో కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్న మా అమ్మ, "మా కాలంలో చింతపండుతోనే రుద్దేవాళ్ళం. నిమ్మకాయకు ఆ బలం ఎక్కడిది?" అన్నది. అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పగల మగవాడు ఇంతవరకు పుట్టలేదు గనుక నేను చేతిలోని పుస్తకంలో తల దూర్చాను.

మా అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. అది ఇంటర్మీడియట్ చదువుతున్నది. "అవ్వా, రెండూ బలహీన ఆమ్లాలేనే" అన్నది.

"ఏందే? చింతపండు బలహీనమా? కళాయి లేని ఇత్తడి గిన్నెలో ఒక్క పూట పులుసు ఉంచి చూడు. కిలుమెక్కి, తిన్నవాళ్ళకు వాంతులే గతి. ఎందుకు వచ్చినట్టు ఈ ఇంట్లోకి రాచ్చిప్ప? చూడకుండా బలహీనమనడమేనా మీ చదువు?"

అమ్మాయి నా వైపు చూసింది. "నాయనా, నువ్వైనా చెప్పు. బలహీనం అంటే పలచన అని కాదు గదా?"

ఇరవై ఏళ్ళుగా కళాశాలలో తెలుగు చెబుతున్నవాణ్ణి. మాట దగ్గరకు వచ్చేసరికి తప్పించుకోలేను. పైగా ఈ మాటల తేడా తెలియకనే పదేళ్ళ కిందట మా ఇంట ఒక పసివాడి కన్ను పోవలసింది. ఆ సంగతి కాసేపట్లో మనవి చేస్తాను.

ముందు మాటల ముచ్చట. మన పాఠ్యపుస్తకాలలో ఆమ్లాలకు రెండు జతల విశేషణాలున్నాయి. గాఢం, విలీనం అన్నది ఒక జత. బలమైన, బలహీన అన్నది మరొక జత. గాఢమంటే చిక్కనిది, విలీనమంటే నీళ్ళు ఎక్కువ కలిపినది. (విలీనమంటే కలిసిపోయినది గదా, శుభ్రంగా పలచన అంటే ఏం పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల పుస్తకాలన్నీ తెలుగులోకి రావడం మొదలైనప్పుడు నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణే. అప్పటికి నేను పుట్టలేదు.) చిక్కదనం మన చేతిలో ఉన్నది. నీళ్ళు పోస్తే పలచబడుతుంది, కాచి ఇగిర్చితే చిక్కబడుతుంది. బలం మన చేతిలో లేదు. అది ఆ పదార్థపు పుట్టుకతో వచ్చిన గుణం. చుక్క ఉప్పు తేజాబును బిందెడు నీళ్ళలో వేస్తే అది పలచనిదే, కాని బలమైనదే. సీసాడు వినిగరు ఎంత చిక్కనిదైనా బలహీనమైనదే.

అయితే ఏమిటి ఆ గుణం? మా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు ఒకాయన ఉన్నాడు. మా వీధిలోనే ఇల్లు. ఆయన నాకు దీన్ని దానధర్మాల భాషలో చెప్పాడు. నాకు అర్థమయ్యే భాష అదొక్కటేనని ఆయన అభిప్రాయం కాబోలు. ఆమ్లమంటే దాత. అది ఇచ్చే దానం ప్రోటాను, అనగా ఎలక్ట్రానును పోగొట్టుకున్న హైడ్రోజన్. క్షారమంటే ఆ దానం పుచ్చుకునేది. 1923లో డెన్మార్కులో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ నిర్వచనం చెప్పారట.

దాతలలో కర్ణుడున్నాడు, పిసినారి ఉన్నాడు. ఉప్పు తేజాబు, అదే హైడ్రోక్లోరికామ్లం, కర్ణుడు. నీళ్ళలో పడీ పడగానే తన దగ్గరున్న ప్రోటానులన్నీ ఇచ్చివేస్తుంది. వినిగరులోని ఎసిటికామ్లం పిసినారి. లీటరు నీటికి ఆరు గ్రాముల లెక్కన కలిపి చూస్తే, 1000 అణువులలో దానం చేసేవి 13 మాత్రమే. తక్కిన 987 మూట విప్పవు. బలహీనమన్న మాటకు అసలు అర్థం ఇదీ. పుల్లగా ఉండకపోవడం కాదు, హాని చేయకపోవడం కాదు, మూట విప్పకపోవడం.

ఇంకొక చిత్రమున్నది. ఆ వినిగరు నీళ్ళనే నూరు రెట్లు పలచన చేస్తే, ఈసారి 1000కి 120 దాకా మూట విప్పుతాయి. చుట్టూ జనం పలచబడితే పిసినారికి చేయి వదులవుతుందన్నమాట! మొత్తంమీద పులుపు తగ్గుతుంది గాని, ఇచ్చేవారి నిష్పత్తి పెరుగుతుంది. అందుచేత వెయ్యికి ఎన్ని అన్న లెక్కతో రెండు ఆమ్లాలను పోల్చబోతే మోసపోతాము. చిక్కదనం మారినా మారని అంకె ఒకటి కావాలి.

ఆ అంకె దొరికిన కథ మన వారపత్రికల నవలలకు తీసిపోదు. 1884లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో స్వాంటె అరీనియస్ అనే 25 ఏళ్ళ యువకుడు పరిశోధన వ్యాసం సమర్పించాడు. ఉప్పూ, ఆమ్లమూ నీళ్ళలో కరిగి విద్యుత్తును ఎట్లా మోస్తున్నాయన్నది విషయం. పెద్దలకు అది రుచించలేదు. ఫెయిల్ చేయలేదుగాని, మళ్ళీ పైకి రాలేనంత కింది తరగతి ఇచ్చి పంపారు. దిగులుపడి కూర్చోకుండా అతడు ఆ వ్యాసాన్ని ఊరూరా ఉన్న పండితులకు పంపాడు. రిగా నగరంలో పాఠాలు చెబుతున్న విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్‌కు ఒక ప్రతి అందింది. ఆస్ట్వాల్డ్ అప్పటికే ఏ ఆమ్లం చక్కెరను ఎంత వేగంగా విడగొడుతుందో కొలిచి, దాన్నిబట్టి ఆమ్లాలను బలాబలాల వరుసలో పెడుతున్నాడు. విద్యుత్తును ఎక్కువగా మోసే ఆమ్లమే ఆయన వరుసలో పైన ఉన్నది! రెండు వేరువేరు దారులలో నడిచినవారు ఒకే ఊరు చేరారన్నమాట. ఆ వేసవిలోనే ఆస్ట్వాల్డ్ స్వయంగా ఉప్సలా వెళ్ళి ఆ కుర్రవాణ్ణి కలుసుకున్నాడు. పెద్ద ప్రొఫెసరు తమ మూడో తరగతి విద్యార్థిని వెతుక్కుంటూ రావడం చూసి అక్కడివారు ఏమనుకున్నారో ఊహించుకోండి. 1888లో ఆస్ట్వాల్డ్ ఆ మారని అంకెకు సూత్రం చెప్పాడు. అరీనియస్‌కు 1903లో నోబెల్ బహుమానం వచ్చింది, ఆస్ట్వాల్డ్‌కు 1909లో. ఉప్సలాలో మార్కులు వేసినవారి పేర్లు నాకు తెలియవు. పరీక్ష పేపర్లు దిద్దే వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక వారిమీద ఎక్కువ మాట్లాడను.

ఆ సూత్రం ప్రకారం ప్రతి బలహీన ఆమ్లానికి ఒక స్థిరాంకం ఉన్నది. అసలు అంకెలు మరీ చిన్నవి, సున్నాల తోరణాలు. అందుచేత వినిగరు బలం 1 అనుకుని తక్కినవి చెబుతాను. మజ్జిగలో పుట్టే లాక్టికామ్లం 8. నిమ్మకాయలోని సిట్రికామ్లం 42. చింతపండులోని టార్టారికామ్లం 60. ఇక కిందికి దిగితే, సోడాబుడ్డిలో బుసబుసలాడే కార్బోనికామ్లం 40వ వంతు. క్యారమ్స్ బల్లమీద చల్లే బోరిక్ పొడి సుమారు 30,000వ వంతు.

ఈ వరుస సరైనదో కాదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. వంటిల్లు చాలు. బలవంతుడు బలహీనుణ్ణి ఇంట్లోనుంచి గెంటుతాడన్నది ఇక్కడి న్యాయం. వంటసోడా అనేది కార్బోనికామ్లపు సంతానమైన లవణం. దానిమీద నిమ్మరసం పిండండి, బుస్సుమంటుంది. చింతపులుసు పోయండి, పుల్ల మజ్జిగ పోయండి, వినిగరు పోయండి, బుస్సే. ఈ నాలుగూ కార్బోనికామ్లంకంటే బలమైనవి గనుక దాన్ని గెంటివేశాయి. గెంటబడినది గాలిబుడగలై పోయింది. ఇప్పుడు బోరిక్ పొడిని నీళ్ళలో కలిపి పోయండి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గెంటే శక్తి దానికి లేదు. గూడూరు నిమ్మకాయల మండీ మా ఊరికి దూరం కాదు గనుక ఈ ప్రయోగానికి మా ఇంట సరుకు లోటు లేదు.

అయితే బలహీనమన్న మాట విని సాధువనుకోకండి. హైడ్రోజన్ సయనైడు నీళ్ళలో కార్బోనికామ్లంకంటే కూడా బలహీనమైన ఆమ్లం. మనిషిని నిమిషాలలో చంపుతుంది. హైడ్రోఫ్లోరికామ్లం బలహీనుల జాబితాలోనిదే, గాజును తినివేస్తుంది. చంపేదీ, తినేదీ ప్రోటాను కాదు, దాని వెంట ఉన్న రెండో సగం. మా అమ్మ చెప్పిన ఇత్తడి గిన్నె సంగతి కూడా కొంత ఇట్లాంటిదే. చింతపండు పులుపులోని రెండో సగం రాగిని పట్టుకుని పులుసులోకి లాగడంలో ఆరితేరినది.

ఇక క్షారాల వైపు వద్దాము. ఆమ్లాలకు పులుపు ఉన్నట్టు వీటికి జారుడు గుణం, చేదు. మనవాళ్ళకు ఇవి పాత చుట్టాలే. అప్పడాల కారంలోని కారం మిరపకాయది కాదు, క్షారమే. చాకలివారి చవుడు మన్నూ ఆ కులంలోనిదే. పుచ్చుకునే ఆత్రాన్నిబట్టి వీటికీ బలాబలాలున్నాయి. అమ్మోనియా బలహీనం. దాని బలాన్ని 1 అనుకుంటే, చేపల నీచుకు కారణమైన ట్రైమిథైలమీన్ మూడున్నర. బట్టల సోడా సుమారు 12. ఇక్కడ ఒక వింత చెప్పి తీరాలి. పుచ్చుకోవడంలో అమ్మోనియాకు ఎంత మొహమాటమో, ఇవ్వడంలో వినిగరుకు సరిగ్గా అంతే పిసినారితనం. రెండింటి స్థిరాంకాలూ దాదాపు ఒకటే. ఈ రెండూ కలిసిన లవణం నీళ్ళలో అటు ఆమ్లమూ కాదు, ఇటు క్షారమూ కాదు. త్రాసు ముల్లు నిట్టనిలువు!

క్షారాల బలం చూడాలంటే పసుపు చాలు. దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలుపుతారు చూడండి, పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం. సున్నం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. అదే పసుపులో వంటసోడా కలిపితే తటపటాయించి అరకొరగా రంగు మారుతుంది. ఎర్రనీళ్ళలో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపే. మా అమ్మ ఎన్ని వందలసార్లు ఈ పరీక్ష చేసిందో! పేరు తెలియదు, అంతే.

సున్నం మాట వచ్చింది. పులికాటు అడుగున పాతకాలపు గుల్లల మేటలున్నాయి. ఆ గుల్లను బట్టీలో కాలిస్తే గుల్లసున్నం. గుల్లలో బందీగా ఉన్న కార్బోనికామ్లపు వాయువు మంటకు ఎగిరిపోతుంది, మిగిలినదానికి నీళ్ళు తగిలితే సున్నం. గోడకు పూసిన తరువాత అదే సున్నం గాలిలోనుంచి ఆ వాయువును నెలల తరబడి తిరిగి పుచ్చుకుని రాయవుతుంది. సున్నం నీళ్ళలో కరిగేది తక్కువ. లీటరుకు రెండు గ్రాములకు లోపే. అందుచేత సున్నపు తేట ఎన్నడూ చిక్కనిది కాదు. కాని కరిగినదంతా పూర్తిగా పనిచేస్తుంది. అది బలమైన క్షారం. పలచన, కాని బలం. ఈ తేడాయే ఆనాడు నాకు తెలియలేదు.

పదేళ్ళ కిందట మా చెల్లెలు పండుగకు వచ్చింది. దాని కొడుక్కి నాలుగేళ్ళు. మా అమ్మ తాంబూలపు పెట్టెలోని సున్నం డబ్బీ తీసి, మూత రాక, ముఖం దగ్గర పెట్టుకుని గట్టిగా లాగాడు. సున్నం కంట్లో పడింది. వాడి కేక వీధంతా వినబడింది. నేను పరుగెత్తినది ఎక్కడికనుకున్నారు? వంటింట్లోకి, నిమ్మకాయకోసం! ఆమ్లమూ క్షారమూ కలిస్తే ఉప్పూ నీళ్ళూ అని బడిలో వల్లించినది అప్పుడు బుర్రలో గంటలా మోగింది. పైగా, తాంబూలంలో వేసుకునే సున్నమే గదా, ఇంత పలచన పదార్థం ఏం చేస్తుందిలే అన్న ధీమా ఒకటి. నిమ్మచెక్క చేతబట్టుకుని వాడి రెప్ప తెరవబోతూండగా, కేక విని వచ్చిన మా రసాయనం మాస్టారు నా చేతిమీద ఒక్క దెబ్బ వేశాడు. నిమ్మచెక్క గోడకు తగిలింది. "నీళ్ళు, తెలుగయ్యవారూ, నీళ్ళు!" అని వాణ్ణి చంకనెత్తుకుని పంపు కిందికి పట్టాడు. రెప్ప పైకెత్తి, సన్నని ధారతో, అరగంటకు తగ్గకుండా. నేను చేయవలసినదల్లా వాడి చేతులు పట్టుకోవడం. ఆ అరగంట ఎట్లా గడిచిందో చెప్పలేను. ఆ పైన నెల్లూరుకు కారులో, కంటి డాక్టరు దగ్గరకు.

దారిలో ఆయన మెల్లగా చెప్పాడు. ఆమ్లం కంట్లో పడితే పైపొరలో మాంసకృత్తులు గడ్డకట్టి, లోపలికి పోకుండా కొంత అడ్డుపడతాయి. బలమైన క్షారం అట్లా కాదు. కొవ్వును సబ్బు చేసుకుంటూ లోలోపలికి దిగుతుంది. సున్నపు రేణువులు రెప్ప కింద నక్కి ఉండి, కొద్దికొద్దిగా కరుగుతూ పనిచేస్తూనే ఉంటాయి. కరగడం తక్కువన్నది ఇక్కడ రక్షణ కాదు, శిక్ష. దానిమీద నిమ్మరసం పోస్తే వేడి ఒకటి పుడుతుంది, కాలిన కంటిమీద మరొక మంట. కడగడమొక్కటే మార్గం, వెంటనే, విస్తారంగా. ఆ పైన డాక్టరు. పిల్లవాడి చూపు దక్కింది. నల్లగుడ్డు అంచున చిన్న తెల్లమచ్చ మిగిలింది. వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా నా కళ్ళు ముందు ఆ మచ్చమీదనే పడ్డాయి. ఆ దినం నుంచి మా ఇంట సున్నం డబ్బీ అటకమీద ఉంటుంది. మా అమ్మ అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు దించి ఇవ్వాలి.

తాంబూలంలో సున్నం చేసే పని కూడా ఈ బలాబలాల పనే. వక్కలో అరెకొలిన్ అనే బలహీన క్షారం ఉన్నది. వక్కలోని ఆమ్లాలతో జతకట్టి అది లవణంగా అణగి ఉంటుంది. బలమైన క్షారమైన సున్నం వచ్చి దాన్ని ఆ జతలోనుంచి గెంటి విడదీస్తుంది. విడిపడినది నోటి చర్మంలోనుంచి ఒంటికి ఎక్కుతుంది. వక్క వేసుకున్నవారికి ఆ కాస్త చెమటా, హుషారూ అందుకే. నోటి పుట్టకురుపుకు వక్క కారణమని వైద్యులు తేల్చిన మాట మా అమ్మకు నేను చదివి వినిపించాను. "మీ నాయనకు కూడా చెప్పాల్సిందిరా" అని ఊరుకున్నది. ఆయన వక్క ముట్టకుండానే పోయాడు.

ఇంకొక జత సంగతి చెప్పకపోతే మా ఊరికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. బలమైన ఆమ్లానికీ బలహీన క్షారానికీ వియ్యం కుదిరితే, పెత్తనం బలమైనవారిదే. ఆ లవణం నీళ్ళలో కొంచెం ఆమ్లపు వైపే ఒరుగుతుంది. బలహీన ఆమ్లమూ బలమైన క్షారమూ వియ్యమందితే క్షారపు వైపు. బట్టల సోడా చేతిలో జారడం అందుకే. పిసినారి మహా కష్టంమీద ఇచ్చిన ప్రోటానును, అతని మిగులు సగం నీళ్ళలోనుంచి తిరిగి లాక్కుంటుంది. ఎంత పిసినారి అయితే అంత లాగుడు.

మొదటి రకం వియ్యానికి మా పక్కనే శ్రీహరికోటలో గొప్ప ఉదాహరణ ఉన్నది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. ఈనాడు పి.ఎస్.ఎల్.వి. మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం పోస్తారు. అందులో పెద్ద పాలు అమ్మోనియం పెర్‌క్లోరేటు. ఆమ్లాలలో కర్ణుణ్ణి మించిన పెర్‌క్లోరికామ్లానికీ, మన పిరికి అమ్మోనియాకూ పుట్టిన లవణం. మంటకు కావలసిన ఆక్సిజన్ అందించేది అదే. రాకెట్టు లేచిన రోజున మా డాబామీద నిలబడితే కాళ్ళ కింద నేల కదిలినట్టుంటుంది. ఆ గర్జనలో మన అమ్మోనియాకు భాగమున్నదని తెలిసిన తరువాత నాకు దానిమీద గౌరవం పెరిగింది.

ఇంతకూ పెరట్లో చేపలు ఏమైనట్టు? నీచు కమ్మే ట్రైమిథైలమీన్ గాలిలోకి లేచే క్షారం. ఆమ్లం తగిలితే ప్రోటాను పుచ్చుకుని లవణమై నీళ్ళలో కట్టుబడిపోతుంది. ఇక ముక్కుదాకా రాలేదు. చింతపండు 60, నిమ్మ 42 అన్నాను గదా. బలంలో మా అమ్మదే గెలుపు. కాని ఈ పనికి అంత బలం అక్కరలేదు. పుచ్చుకునేవాడి ఆత్రం ఇక్కడ ఎంతటిదంటే, 8 అంకె మజ్జిగ అయినా, ఒకటి అంకె వినిగరైనా ఉన్నదంతా ఇచ్చివేస్తాయి. ఆ లెక్కన మా ఆవిడ నిమ్మకాయా తక్కువది కాదు, పైగా పిండడం సులువు.

ఈ తీర్పు నేను గట్టిగా చదివి వినిపించాను. మా అమ్మ అరవై అన్న అంకె దగ్గర ఆగి, "విన్నావుటే?" అన్నది కోడలితో. మా ఆవిడ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పకుండా, "నేను రెండూ రుద్దానత్తా. పులుసు తెర్లుతోంది, మామిడికాయ ముక్కలు కోసిపెట్టండి" అన్నది.